కంపెనీయే మన షేర్లు తిరిగి కొంటానంటే: బైబ్యాక్‌పై సమగ్ర మార్గదర్శి

2025 నవంబర్ మూడో వారంలో, అనంతపురం కమలానగర్‌లో మా వీధి చివర ఉండే రిటైర్డ్ హెడ్మాస్టర్ గారు ఫోన్ పట్టుకుని మా ఇంటికొచ్చారు. "ఏం నాయనా, ఇన్ఫోసిస్ వాళ్లు నా షేర్లు మళ్లీ వాళ్లే కొంటారంట. మార్కెట్లో పదిహేను వందల చిల్లర ఉంటే పద్దెనిమిది వందలు ఇస్తారంట. ఎక్కువిచ్చి కొనేవాడు ఎవడుంటాడు? ఇదేమన్నా మోసమా?" అన్నారు. బెంగళూరులో ఉద్యోగం చేసే వాళ్లబ్బాయి 2020లో సార్ పేరు మీద షేర్లు దాచుకునే డీమ్యాట్ ఖాతా తెరిచి, సగటున వెయ్యి రూపాయల చొప్పున 110 షేర్లు కొని పెట్టాడు. సార్ వాటి సంగతే మర్చిపోయారు.

మోసం కాదు. అలాగని 1,800 అంకె చూసి మురిసిపోవాల్సిన పనీ లేదు. బైబ్యాక్‌లో చేతికొచ్చేది ఎంతో తేలాలంటే మూడు లెక్కలు వేయాలి. మన షేర్లలో ఎన్ని తీసుకుంటారు? పన్ను ఎంత పోతుంది? మిగిలిపోయిన షేర్ల ధర తర్వాత ఏమవుతుంది? ఈ మూడూ వేయకుండా యాప్‌లో బటన్ నొక్కినవాళ్లు లాభం వచ్చిందనుకుంటూనే నష్టపోవచ్చు. అందుకే సార్ 110 షేర్లనే ముందు పెట్టుకుని మొదటి నుంచీ చూద్దాం.

నూనె మిల్లు లెక్క

నలుగురు అన్నదమ్ములు సమాన వాటాలతో శెనక్కాయల నూనె మిల్లు పెట్టారనుకోండి. ఏడాదికి 12 లక్షల లాభం, తలా 3 లక్షలు. గల్లాపెట్టెలో పాత లాభాలు బాగానే పోగుపడ్డాయి. ఒకాయన తన వాటా అమ్ముకుని వెళ్లిపోతానన్నాడు. బయటివాడు కొంటే వాటాలు నాలుగే ఉంటాయి. అలా కాకుండా మిల్లు డబ్బుతోనే ఆయనకు ఇవ్వాల్సింది ఇచ్చేసి, ఆ వాటాను పుస్తకంలో కొట్టేస్తే మిగిలేవి మూడే. వచ్చే ఏడాదీ లాభం 12 లక్షలే అయినా ఇప్పుడు తలా 4 లక్షలు. ఎవరూ కొత్తగా రూపాయి పెట్టలేదు, ఒక్కొక్కరి భాగం మాత్రం పెరిగింది.

బైబ్యాక్ అంటే ఇంతే. కంపెనీ తన దగ్గరున్న డబ్బుతో తన షేర్లే కొని రద్దు చేస్తుంది. షేర్ల సంఖ్య తగ్గి, ఒక్కో షేరుకు వచ్చే లాభం, అంటే ఈపీఎస్, పెరుగుతుంది. ఐటీ కంపెనీలు దీన్ని ఎక్కువగా చేయడానికి కారణం కూడా గల్లాపెట్టే. వాటికి పెద్ద ఫ్యాక్టరీలు కట్టే పని ఉండదు, అప్పులు తక్కువ, డబ్బు చేరుతూనే ఉంటుంది. టీసీఎస్ 2017, 2018, 2020, 2022, 2023లలో ఐదుసార్లు బైబ్యాక్ చేసింది. 2023లో ఒక్కో షేరుకు రూ.4,150 చొప్పున రూ.17,000 కోట్లు పెట్టింది.

అయితే మిల్లు గల్లాపెట్టె ఇప్పుడు ఖాళీ. అనంతపురంలో వాన సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. మరుసటేడు పంట పోయి కాయలు రాకపోతే, బ్యాంకు వాయిదా కట్టడానికి ఆ ముగ్గురి దగ్గరా ఏమీ ఉండదు. బైబ్యాక్ మీద చట్టం పెట్టిన షరతుల్లో ఎక్కువ భాగం ఈ భయంలోంచి పుట్టినవే.

కంపెనీ ఏమేం చేయాలి

మన దేశంలో 1998 దాకా కంపెనీ తన షేర్లు తాను కొనుక్కోవడానికి మామూలుగా వీల్లేదు. ఆ ఏడాది ఆర్డినెన్స్‌తో దారి తెరిచారు. ఇప్పుడు 2013 కంపెనీల చట్టంలోని 68, 69, 70 సెక్షన్లు, లిస్టెడ్ కంపెనీలకైతే వాటితోపాటు మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2018లో తెచ్చిన బైబ్యాక్ నిబంధనలు వర్తిస్తాయి.

మొదట డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న. ఫ్రీ రిజర్వులు (పంచుకోవడానికి వీలున్న పాత లాభాలు), సెక్యూరిటీస్ ప్రీమియం ఖాతా (ముఖ విలువకు మించి షేర్లు అమ్మగా వచ్చిన సొమ్ము), లేదా వేరే రకం షేర్లు జారీ చేయగా వచ్చిన సొమ్ము, వీటిలోంచే వాడాలి. ఇటు ఈక్విటీ షేర్లు అమ్మి, ఆ డబ్బుతో అటు ఈక్విటీ షేర్లు కొనడం కుదరదు. తర్వాత పరిమితి. పెయిడప్ క్యాపిటల్ (వాటాదారులు షేర్లకు కట్టిన మూలధనం), ఫ్రీ రిజర్వులు కలిపిన మొత్తంలో 10 శాతం వరకు బోర్డు తీర్మానం చాలు. అది దాటితే వాటాదారుల ప్రత్యేక తీర్మానం కావాలి, అంటే అనుకూలంగా పడిన ఓట్లు వ్యతిరేక ఓట్లకు మూడు రెట్లకు తగ్గకూడదు. ఎలా చూసినా 25 శాతం మించకూడదు. బైబ్యాక్ అయ్యాక కంపెనీ అప్పు, దాని సొంత మూలధనం, రిజర్వుల మొత్తానికి రెండు రెట్లు దాటకూడదు. ఏడాదిలోపు దివాలా తీసే పరిస్థితి లేదని డైరెక్టర్లు అఫిడవిట్ ఇవ్వాలి. రెండు బైబ్యాక్‌ల మధ్య కనీసం ఏడాది ఎడం ఉండాలి.

కొన్న షేర్లను ఇక్కడ దాచుకోవడం కుదరదు. అమెరికాలో కంపెనీలు వాటిని 'ట్రెజరీ షేర్లు'గా పెట్టుకుని, కావాలన్నప్పుడు మళ్లీ వాడుకోవచ్చు. మన దగ్గర బైబ్యాక్ ముగిసిన 7 రోజుల్లో రద్దు చేసేయాలి. ఎన్ని షేర్లు రద్దయ్యాయో వాటి ముఖ విలువకు సమానమైన మొత్తాన్ని ఫ్రీ రిజర్వుల నుంచి క్యాపిటల్ రిడెంప్షన్ రిజర్వు అనే ఖాతాకు మార్చాలి. దాన్ని డివిడెండ్‌గా పంచడానికి లేదు. అప్పిచ్చినవాళ్లకు అదొక చిన్న భరోసా.

ఒకప్పుడు కంపెనీలు రోజువారీ మార్కెట్లోనే మామూలు కొనుగోలుదారులా కొనేవి. ఇన్ఫోసిస్ 2022 బైబ్యాక్ అలాంటిదే. ఆ పద్ధతిలో మన షేరు కొన్నది కంపెనీయో, కర్నూలులో కూర్చున్న ఇంకో ఇన్వెస్టరో మనకు తెలిసేది కాదు. సెబీ పరిమితిని ఏటా తగ్గించుకుంటూ వచ్చి, 2025 ఏప్రిల్ 1 నుంచి స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో అలా కొనడాన్ని ఆపేసింది. సార్‌కు వచ్చింది టెండర్ ఆఫర్. వాటాదారులందరినీ ఒకే ధరకు పిలిచి, ఎవరి వంతు ఎంతో ముందే చెప్పి కొనే పద్ధతి. నా మటుకు చిన్న ఇన్వెస్టర్‌కు ఇదే న్యాయం.

దీనికి పట్టే కాలం కూడా గుర్తుంచుకోండి. ఇన్ఫోసిస్ బోర్డు రూ.18,000 కోట్లతో 10 కోట్ల షేర్లు కొనాలని తీర్మానించింది 2025 సెప్టెంబర్ 11న. రికార్డు డేట్, అంటే ఎవరి ఖాతాలో ఎన్ని షేర్లున్నాయో కంపెనీ లెక్కచూసే తేదీ, నవంబర్ 14. షేర్లు ఇవ్వడానికి గడువు నవంబర్ 20 నుంచి 26 వరకు. వార్త విన్న రోజే పరుగెత్తాల్సిన అవసరం లేదు, కానీ చివరి అంకం మాత్రం చకచకా సాగిపోతుంది. ఆఫర్ తెరిచి ఉండేది 5 పని దినాలే.

మొదటి మెట్టు: రికార్డు డేట్ ముందు రోజుకే షేరు కొనాలి

ఇక్కడ నేనొకసారి దెబ్బ తిన్నాను. వేరే కంపెనీ బైబ్యాక్‌లో రికార్డు డేట్ రోజు పొద్దున్నే షేర్లు కొని, "ఇవాళే కదా తేదీ" అని ధీమాగా ఉన్నాను. లిస్టులో నా పేరే లేదు. తప్పు నాదే. ఇప్పుడు కొన్న షేరు మరుసటి పని దినాన డీమ్యాట్‌లోకి చేరుతుంది. రికార్డు డేట్ నాటికి షేరు ఖాతాలో ఉండాలంటే కనీసం అంతకు ముందు ట్రేడింగ్ రోజే కొనాలి. ఇన్ఫోసిస్ రికార్డు డేట్ శుక్రవారం, కాబట్టి గురువారం, అంటే నవంబర్ 13 ఆఖరి రోజు.

రెండో మెట్టు: మీరు ఏ వరుసలో ఉన్నారు

కంపెనీ కొనే షేర్లలో కనీసం 15 శాతం చిన్న వాటాదారులకు కేటాయించాలి. చిన్న వాటాదారు అంటే రికార్డు డేట్ నాటి ముగింపు ధర ప్రకారం ఆ కంపెనీలో రూ.2 లక్షలకు మించని విలువైన షేర్లున్నవారు. సార్ 110 షేర్లు 1,500 చొప్పున వేసుకున్నా 1,65,000 అవుతాయి, కాబట్టి ఆయన చిన్న వాటాదారే.

ఈ వరుస తేడా ఎంతంటే, ఇన్ఫోసిస్ చిన్న వాటాదారులకు ప్రతి 11 షేర్లకు 2 షేర్ల అర్హత ఇచ్చింది. మిగతావారికి ప్రతి 706 షేర్లకు 17. శాతంలో చూస్తే ఒకరికి 18 దాకా, ఇంకొకరికి రెండున్నర కూడా లేదు. రెండు లక్షల గీతకు ఒక రూపాయి అటు పడ్డా కథ మారిపోతుంది. అందుకే బైబ్యాక్ కోసమే కొనేవాళ్లు గీత అంచుదాకా కొనకుండా కొంచెం తగ్గించి కొంటారు. రికార్డు డేట్ నాడు ధర ఎగిరితే గీత దాటేస్తామన్న జాగ్రత్త.

రెండు బ్రోకర్ల దగ్గర రెండు ఖాతాలున్నా పాన్ ఒకటే అయితే రెండూ కలిపే లెక్కేస్తారు. భార్య పేరు మీద, తండ్రి పేరు మీద వేరే పాన్‌తో ఉన్న ఖాతాలు వేరు. కానీ భర్త డబ్బిచ్చి భార్య పేరు మీద కొంటే, దాని మీద వచ్చే ఆదాయాన్ని పన్ను చట్టం భర్త ఆదాయంలోనే కలుపుతుంది. ఈ సంగతి చాలామందికి నోటీసు వచ్చాకే తెలుస్తుంది.

మూడో మెట్టు: ఎన్ని తీసుకుంటారు

సార్ 110 షేర్లను 11తో భాగించి 2తో గుణిస్తే 20. ఇది ఆయన ఖాయమైన వంతు. ఈ 20 టెండర్ చేస్తే, అంటే అమ్మకానికి ఇస్తే, కంపెనీ కొని తీరాలి. మిగతా 90 కూడా టెండర్ చేయవచ్చు, కానీ వేరేవాళ్లు తమ వంతు వదులుకుంటేనే వాటిలోంచి కొన్ని తీసుకుంటారు. అందువల్ల మొత్తం అమ్మేయాలనుకునేవారు అన్నీ పెట్టడమే మంచిది. తీసుకోనివి ఎలాగూ మీకే మిగులుతాయి.

అయిదు షేర్లే ఉన్నవారి సంగతి? లెక్క ప్రకారం 0.9 వస్తుంది. భిన్నాన్ని వదిలేస్తారు కాబట్టి వంతు సున్నా. అలాంటివారు ఒక షేరు అదనంగా పెట్టుకోవచ్చు, దాన్ని తీసుకోవడంలో వాళ్లకు ప్రాధాన్యం ఇస్తారు. ఒక్క షేరే కదా అని వదిలేయకండి.

బైబ్యాక్ వివరాలతో కంపెనీ పంపే లెటర్ ఆఫ్ ఆఫర్‌లో మీ వంతు ఎంతో ఉంటుంది. కంపెనీ తరఫున వాటాదారుల లెక్కలు చూసే రిజిస్ట్రార్ వెబ్‌సైట్‌లో కూడా చూసుకోవచ్చు. ఇన్ఫోసిస్‌కు రిజిస్ట్రార్ హైదరాబాద్‌లోని కేఫిన్ టెక్నాలజీస్. ఆ లెటర్ వందల పేజీలు ఉన్నట్టు కనిపించి భయపెడుతుంది. ప్రమోటర్లు, అంటే కంపెనీని స్థాపించినవాళ్లు, వాళ్ల కుటుంబాలు, పాల్గొంటారా లేదా అన్న పేరా మాత్రం తప్పక చదవండి. ఇన్ఫోసిస్‌లో నందన్ నీలేకని, సుధామూర్తితో సహా ప్రమోటర్లు పాల్గొనబోమని ముందే చెప్పారు. వాళ్లు తప్పుకుంటే మిగతావారి వంతు పెరుగుతుంది. అదే ఏదైనా కంపెనీలో ప్రమోటర్లే పెద్ద ఎత్తున అమ్మడానికి ముందుకొస్తే, ఈ బైబ్యాక్ ఎవరి కోసమో ఒకసారి ఆలోచించండి.

నాలుగో మెట్టు: పన్ను (ఇక్కడ తొందర వద్దు)

బైబ్యాక్ పన్ను ఈ మధ్య మూడు కాలాల్లో మూడు రకాలు. పాత సలహాలు కొత్త బైబ్యాక్‌కు పనికిరాకపోవడానికి కారణం ఇదే.

2024 అక్టోబర్ 1కి ముందు కొన్నేళ్లు కంపెనీయే 20 శాతం, సర్‌ఛార్జీ, సెస్సు కలిపి సుమారు 23.3 శాతం పన్ను కట్టేది. మన చేతికొచ్చిన దానిపై మనకు పన్ను లేదు. టీసీఎస్ 2023 బైబ్యాక్‌లో పాల్గొన్నవారు ఇంకా ఆ రోజులే తలుచుకుంటుంటారు.

2024 అక్టోబర్ 1 నుంచి అది తలకిందులైంది. కంపెనీ ఇచ్చిన మొత్తమంతా, లాభం ఒక్కటే కాదు, మొత్తం డివిడెండ్‌గా లెక్కయింది. మన స్లాబ్, అంటే ఆదాయాన్ని బట్టి మారే రేటు, ప్రకారం పన్ను పడేది. షేరు కొన్న ధర మాత్రం క్యాపిటల్ లాస్‌గా (అమ్మకం నష్టంగా) చూపించి, 8 ఏళ్ల వరకు వేరే క్యాపిటల్ గెయిన్స్‌లో (అమ్మకం లాభాల్లో) సర్దుకోవచ్చు.

సార్ లెక్క ఇలా తేలింది. 20 షేర్లకు రూ.36,000. పెన్షన్‌తో కలిపినా కొత్త పన్ను విధానంలో ఆయన ఆదాయం 12 లక్షల లోపే, కాబట్టి పన్ను సున్నా. కంపెనీ ఇచ్చే డివిడెండ్ ఏడాదిలో రూ.10,000 దాటితే 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోయాలి కనుక 3,600 కోస్తారు, అది రిటర్న్ వేస్తే తిరిగొస్తుంది. తనకు పన్ను పడదని పెద్దవారు ఇచ్చే 15హెచ్ ఫారం ముందే ఇచ్చి ఉంటే ఆ కోతా ఉండేది కాదు, మాకు అప్పటికి తట్టలేదు. మార్కెట్లో అమ్మితే 30,000 వచ్చేవి. సార్‌కు బైబ్యాకే లాభం.

అదే షేర్లు వాళ్లబ్బాయి పేరు మీద ఉండి ఉంటే? పాత విధానంలో గానీ కొత్త విధానంలో గానీ 30 శాతం స్లాబులో ఉన్నవాడికి సెస్సుతో కలిపి 31.2 శాతం. 1,800లో అది పోగా చేతిలో మిగిలేది షేరుకు 1,238. మార్కెట్ ధర కంటే తక్కువ! 20 షేర్లకు 24,768 మాత్రమే. క్యాపిటల్ లాస్ 20,000ను వేరే లాంగ్ టర్మ్ లాభంలో సర్దుకుంటే 12.5 శాతం చొప్పున ఇంకో 2,500 కలిసొస్తుంది. అదీ అలాంటి లాభం పన్ను పడేంత ఉంటేనే. అన్నీ కలిపినా 30,000 రాదు. ఒకే ఇంట్లో, ఒకే ధరకు, తండ్రికి లాభం, కొడుక్కి నష్టం.

2026 ఫిబ్రవరి 1 బడ్జెట్‌లో మళ్లీ మార్పు ప్రతిపాదించారు. 2026 ఏప్రిల్ 1 నుంచి బైబ్యాక్ సొమ్మును వాటాదారులందరికీ క్యాపిటల్ గెయిన్స్‌గా చూడాలని, ప్రమోటర్లపై అదనపు పన్ను వేయాలని. ప్రమోటర్ కంపెనీ అయితే మొత్తం భారం 22 శాతం, కంపెనీ కాని ప్రమోటర్‌కు 30 శాతం అయ్యేలా. ఈ పద్ధతిలో సార్ 20 షేర్లను మళ్లీ వేస్తే లాభం షేరుకు 800 చొప్పున 16,000. ఏడాది దాటిన షేర్లపై లాభానికి ఏటా 1.25 లక్షల వరకు పన్ను లేదు కాబట్టి, వేరే లాభాలతో కలిపి అది దాటకపోతే తండ్రికీ కొడుకుకీ ఇద్దరికీ పన్ను పడదు. అందుకే ఏ బైబ్యాక్ గురించి ఎవరు సలహా ఇచ్చినా ముందు "ఏ తేదీది?" అని అడగండి.

అయిదో మెట్టు: బైబ్యాక్ కోసమే షేర్లు కొంటున్నారా?

టీ కొట్టు దగ్గర ఈ సలహా బాగా నడుస్తుంది: "1,500కి కొను, 1,800కి కంపెనీకి ఇచ్చెయ్, షేరుకు మూడొందలు". కాగితం మీద వేసి చూడండి. 1,500 చొప్పున 110 షేర్లకు 1,65,000 పెట్టారు. కంపెనీ తీసుకున్నవి 20. వాటి మీద లాభం 6,000. మీ చేతిలో ఇంకా 90 ఉన్నాయి. షేరు ధర 67 రూపాయలు పడితే చాలు, ఆ 6,000 కరిగిపోతుంది. పన్ను దీనికి అదనం. ఆ కంపెనీ షేరు ఎలాగూ ఉంచుకుందామనుకునేవారికి బైబ్యాక్ కొసరు లాంటిది. కొసరు కోసం బేరం చేయడం నాకు నచ్చదు.

ఆరో మెట్టు: టెండర్ చేయడం

లెక్క తేలాక పని తేలికే. బ్రోకర్ యాప్‌లో కార్పొరేట్ యాక్షన్స్ లేదా బైబ్యాక్ అన్న చోటికి వెళ్లి, కంపెనీ పేరు ఎంచుకుని, ఎన్ని షేర్లో నమోదు చేయాలి. డీమ్యాట్ షేర్లను భద్రపరిచే డిపాజిటరీ నుంచి వచ్చే ఓటీపీ ఇవ్వాలి. అప్పుడు ఆ షేర్లపై లియన్ పడుతుంది. షేర్లు మీ ఖాతాలోనే ఉంటాయి, అమ్ముకోవడానికి మాత్రం వీల్లేదు. ఆఖరి రోజు సాయంత్రం దాకా ఆగకండి, చాలామంది బ్రోకర్లు అంతకు ముందే తలుపు మూస్తారు. ముగిసిన వారం పదిరోజుల్లో, తీసుకున్న షేర్లకు డబ్బు బ్యాంకులో పడుతుంది, మిగతా వాటిపై లియన్ పోతుంది.

ఇంకా కాగితం సర్టిఫికెట్లే ఉన్న పెద్దవారు కూడా పాల్గొనవచ్చు. ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఎస్‌హెచ్-4 ట్రాన్స్‌ఫర్ ఫారం, పాన్ కాపీతో బ్రోకర్ దగ్గరికి వెళ్లాలి. సంతకం పాతదానితో సరిపోకపోతే ఆ ఐదు రోజుల్లో పని జరగడం కష్టం, కాబట్టి బైబ్యాక్ వార్త వచ్చినప్పుడే మొదలుపెట్టండి.

సార్ అడిగిన "మోసమా?" అన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే. నిజమైన బైబ్యాక్‌లో షేర్లు మీ బ్రోకర్ ద్వారానే వెళ్తాయి. "బైబ్యాక్ ఖాతా" అంటూ ఒక నంబరు పంపి దానికి షేర్లు మార్చమన్నా, ఫీజు కట్టమన్నా, వాట్సాప్‌లో ఓటీపీ అడిగినా ఫోన్ పెట్టేయండి.

ఏమీ చేయకపోవడమూ ఒక దారే. మిల్లులో ఉండిపోయిన ముగ్గురు అన్నదమ్ముల్లా మీ వాటా కొంచెం పెరుగుతుంది, పన్ను ఏమీ పడదు. 30 శాతం స్లాబులో ఉన్నవారికి 2025 నిబంధనల కింద నేను చెప్పింది ఇదే.

ఏడో మెట్టు: రిటర్న్

సార్ 110 షేర్లూ టెండర్ చేశారు. ఇక మిగిలింది కాగితాల పని. వచ్చిన సొమ్మును రిటర్న్‌లో డివిడెండ్ ఆదాయంగా చూపాలి. ఖాయమైన 20 షేర్ల వరకు చూస్తే అది 36,000. అమ్మకం ధర సున్నా, కొన్న ఖరీదు 20,000 అని చూపిస్తే ఆ 20,000 లాంగ్ టర్మ్ క్యాపిటల్ లాస్ అవుతుంది. అది ముందుకు తీసుకెళ్లాలంటే రిటర్న్ గడువులోపే వేయాలి, ఒక్కరోజు ఆలస్యమైనా ఆ హక్కు పోతుంది. ఏటా వేసే ఐటీఆర్-1 దీనికి పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి. వేసే ముందు పన్ను శాఖ వెబ్‌సైట్‌లోని ఏఐఎస్ (వార్షిక సమాచార పత్రం)లో టీడీఎస్ సరిగ్గా పడిందో చూసుకోవాలి.

ఈ లెక్కంతా ఒక తెల్ల కాగితం మీద రాసి ఇస్తే సార్ రెండుసార్లు చదివారు. లెటర్ ఆఫ్ ఆఫర్ మొదటి నాలుగు పేజీలు, 2020 నాటి కాంట్రాక్ట్ నోట్లు (షేర్లు కొన్న రసీదులు) ప్రింట్ తీయించి, అన్నీ కలిపి పెన్షన్ కాగితాల ఫైల్లోనే పెట్టారు. "రీఫండ్ రాకపోతే నిన్నే అడుగుతా నాయనా" అని కూడా అన్నారు.